ముడుచుకున్న వేలికి సూదిమొన వైద్యం

(షోలాపూర్ తూర్పు భాగంలోని తెలుగువారి ఆరోగ్య సభలో చేతి శస్త్రవైద్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, తల్లులకు, సోదర సోదరీమణులకు నమస్కారం.

జోడించిన చేతులను ఇంకొక క్షణం అలాగే ఉంచవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను. రెండు అరచేతులూ, పది వేళ్లూ మొదలు నుండి కొన వరకు సందు లేకుండా ఆనుకున్నాయా? ఆనుకుంటే మంచిదే. వేళ్ల నడుమ సందు మిగిలి, ఎంత ఒత్తినా అది పూడకపోతే ఆ సంగతి మనసులో ఉంచుకోండి. చాలా కాలంగా మధుమేహం ఉన్నవారిలో చర్మం, కీళ్ల చుట్టూ ఉండే కణజాలం బిగుసుకొని ఇలా జరుగుతుంది. వైద్యగ్రంథాలు దీనిని 'ప్రార్థన గుర్తు' అంటాయి. మనకు అది నమస్కారం.

రెండవ పరీక్ష ఇంటికి వెళ్లాక చేసుకోవచ్చు. చేతిని బల్ల మీద బోర్లించి పరచండి. అరచేయీ వేళ్లూ బల్లకు చదునుగా ఆనాలి. ఒక వేలు వంగి నిలిచి, ఎంత అదిమినా బల్లకు ఆనకపోతే, ఆ చేతిని వైద్యునికి చూపవలసిన సమయం వచ్చిందన్నమాట. ఆస్ట్రేలియా శస్త్రవైద్యుడు హ్యూస్టన్ పేరుతో ప్రసిద్ధమైన ఈ బల్ల పరీక్షకు పరికరం అక్కరలేదు, ఖర్చు లేదు.

ఈ రెండవ పరీక్షలో పట్టుబడే వ్యాధిని గురించి, దానికి సూదిమొనతో చేసే వైద్యాన్ని గురించి ఈ సభలో చెప్పదలచాను. వ్యాధి పేరు డుప్యూట్రెన్ సంకోచం. పేరు ఒక ఫ్రెంచి వైద్యునిది. వ్యాధి మాత్రం ఆయనకంటే చాలా పాతది.

ముందుగా ఒక నిజం చెప్పాలి. ఇది మన దేశంలో అరుదైన వ్యాధి. ఉత్తర ఐరోపాలో, ముఖ్యంగా స్కాండినేవియా, స్కాట్లండ్ దేశాల వృద్ధులలో ఇది సర్వసామాన్యం. బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ 1986లోనూ, అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ 1989లోనూ ఈ వ్యాధికే శస్త్రచికిత్స చేయించుకున్నారు. తల్లిదండ్రుల నుండి బిడ్డలకు సంక్రమించే గుణం దీనికి బలంగా ఉంది. ఈ వ్యాధికి కారణమయ్యే జన్యుభేదాలలో కొన్ని వేల సంవత్సరాల క్రితం నశించిన నియాండర్తల్ మానవుల నుండి వచ్చినవని 2023లో ఒక పరిశోధన తేల్చింది. అంతరించిన జాతి తన గుర్తును ఇంకొకరి అరచేతిలో వదిలి వెళ్లడం విచిత్రమే.

అరుదైన వ్యాధిని గురించి ఇంతమందిని కూర్చోబెట్టి చెప్పడం ఎందుకని మీలో కొందరికి తోచవచ్చు. కారణాలు రెండు. మన దేశంలో కనిపించే డుప్యూట్రెన్ వ్యాధిలో మధుమేహానికి గట్టి పాత్ర ఉంది. మధుమేహం లేని ఇల్లు మన పేటల్లో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. రెండవ కారణం ఇంకా ముఖ్యమైనది. వేలు వంగిపోయే వ్యాధులు మూడు నాలుగున్నాయి. వాటిలో ఒకదానిని మరొకటిగా పొరబడితే చేతికి తీరని నష్టం జరుగుతుంది. 'సూదితో అరగంటలో వేలు సరిచేస్తారట' అన్న మాట నోటినోటా వ్యాపించింది. ఆ మాట కొందరి విషయంలో నిజం, కొందరి విషయంలో సగం నిజం, కొందరి విషయంలో ప్రమాదకరం. ఎవరి విషయంలో ఏదన్నది తేల్చుకోవలసి ఉంది.

ఇక్కడ మన భాషలోని ఒక చిక్కు కూడా చెప్పాలి. మన వాడుకలో రక్తనాళమూ నరమే, స్పర్శను తెలిపే నాడీ నరమే, కండరాన్ని ఎముకకు బిగించే స్నాయువూ నరమే. వేలు వంగితే 'నరం గుంజింది' అంటాం. రోగి ఏ నరాన్ని ఉద్దేశించాడో వైద్యుడు ఊహించుకోవాలి. ఈ పొరపాటు మనదొక్కరిదే అనుకోనక్కరలేదు. స్విట్జర్లండ్‌లోని బాజెల్ నగరపు వైద్యుడు ఫెలిక్స్ ప్లాటర్ 1614లో ప్రచురించిన గ్రంథంలో వేళ్లు ముడుచుకుపోయిన ఒక రాతిపనివానిని వర్ణించి, వేళ్లను ముడిచే స్నాయువులు చోటు తప్పి పైకి లేచాయని రాశాడు. ఆ అభిప్రాయం శతాబ్దానికి పైగా నిలిచింది. 1777లో లండన్‌లో హెన్రీ క్లైన్ అనే శస్త్రవైద్యుడు మృతుల చేతులను కోసి చూసి, స్నాయువులు నిక్షేపంగా ఉన్నాయని, వాటిపై పరచుకున్న పొరలోనే దోషం ఉందని గ్రహించాడు.

ఆ పొర ఏమిటో నేతపని తెలిసినవారికి సులభంగా అర్థమవుతుంది. అరచేతి చర్మానికి దిగువన, స్నాయువులకు ఎగువన, మణికట్టు వైపు నుండి వేళ్ల వైపు విసనకర్రలాగా విచ్చుకున్న గట్టి పొర ఒకటి ఉంది. అందులో పడుగు పోగుల వలె నిలువుగానూ, పేక వలె అడ్డంగానూ నారలు సాగుతాయి. కొన్ని నారలు పైనున్న చర్మానికి కుట్టు వేసినట్లు అంటుకొని ఉంటాయి. మనం కర్ర పట్టుకున్నప్పుడు, గిన్నె తోమినప్పుడు అరచేతి చర్మం జారిపోకుండా ఉండడం ఈ కుట్టు వల్లనే. ముంజేతి చర్మాన్ని వేళ్లతో పట్టి ఎత్తగలం, అరచేతి చర్మాన్ని అలా ఎత్తలేం.

తువ్వాలులో ఒక పోగును కొసన పట్టి లాగితే ఏమవుతుంది? ఆ పోగు వెంట గుడ్డంతా ముడతలు పడుతుంది. డుప్యూట్రెన్ వ్యాధిలో జరిగేది అదే. ఆ పొరలోని కణాలు కొన్ని కండరకణాల గుణాన్ని సంతరించుకొని, కొత్త నారను అధికంగా తయారుచేస్తూ, దానిని లోపలికి గుంజుతూ పోతాయి. మొదట అరచేతిలో, ఉంగరపు వేలికి దిగువగా, చిన్న గడ్డ తగులుతుంది. పక్కన చర్మం లోపలికి గుంటపడుతుంది. చాలామంది దానిని కాయ అనుకుంటారు. పనిచేసే చేతికి కాయలు కొత్త కాదు కదా! కాయ చర్మంలో ఉంటుంది. ఈ గడ్డ చర్మం కింద ఉంటుంది. కొన్నేళ్లకు ఆ గడ్డ నుండి వేలివైపు తాడులాంటి కట్టు సాగుతుంది. మరికొన్నేళ్లకు ఆ తాడు కురుచబడి వేలిని అరచేతివైపు వంచుతుంది. ఎక్కువగా ఉంగరపు వేలు, ఆ తరువాత చిటికెన వేలు. మధుమేహం వలన వచ్చినప్పుడు నడిమి వేలూ ఉంగరపు వేలూ ఎక్కువగా తగులుకుంటాయి. అదృష్టవశాత్తూ అటువంటివారిలో తీవ్రత తక్కువ, వైద్యం అవసరమయ్యేవారు కొద్దిమందే.

నొప్పి సాధారణంగా ఉండదు. అందుకే రోగి ఆలస్యంగా వస్తాడు. ముఖం కడుక్కుంటుంటే వంగిన వేలు కంట్లో గుచ్చుకోవడం, జేబులో చేయి పెట్టలేకపోవడం, ఎదుటివారికి చేయి అందించలేకపోవడం మొదలయ్యాక గానీ ఇది వ్యాధి అనిపించదు. కొందరిలో గడ్డ దశలోనే ఆగిపోతుంది. అటువంటివారికి ఏ వైద్యమూ వద్దు. నూనె రాసి మర్దన చేసినా, రాత్రంతా కర్రబద్ద కట్టినా, బలవంతంగా లాగినా తాడు కరగదు.

ఇప్పుడు పొరబడే అవకాశమున్న మిగతా రెండింటి సంగతి. వీటి కోసమే నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నానంటే అతిశయోక్తి కాదు.

మొదటిది ట్రిగ్గర్ వేలు. మన దగ్గర వంగిన వేళ్లలో ఎక్కువ భాగం ఇదే. తెల్లవారి లేచేసరికి వేలు ముడుచుకొని ఉంటుంది. రెండవ చేత్తో పట్టి చాపితే 'టక్' మని చప్పుడు చేస్తూ తెరుచుకుంటుంది. వేలి మొదట్లో స్నాయువు దూరిపోయే ఉంగరంలాంటి కట్టు ఒకటి ఉంది. అది మందమై, అందులో నుండి జారవలసిన స్నాయువు ఉబ్బి ఇరుక్కుంటుంది. కండెకు పోగు చిక్కుపడి ఆగిపోయినట్లు. మధుమేహం ఉన్నవారిలో ఇది మరీ ఎక్కువ. రోజంతా బీడీలు చుట్టే తల్లులు, మరమగ్గాల మీద తెగిన పోగులు అతికే సోదరులు ఈ బాధతో వస్తుంటారు. పని వలననే వచ్చిందని అందరి విషయంలోనూ చెప్పలేం గానీ, వచ్చాక పని కష్టమవుతుందన్నది మాత్రం నిజం. దీనికి తొలి వైద్యం స్టిరాయిడ్ ఇంజెక్షన్. అది చాలామందికి సరిపోతుంది. మధుమేహం ఉన్నవారికి ఆ ఇంజెక్షన్ తరువాత కొన్ని రోజులు రక్తంలో చక్కెర పెరుగుతుంది కనుక ముందుగా వైద్యునికి చెప్పి, ఆ రోజుల్లో పరీక్ష చేసుకుంటూ ఉండాలి. ఇంజెక్షన్‌కు లొంగకపోతే ఆ ఉంగరపు కట్టును చిన్న కోతతోనో, సూదిమొనతోనో విడదీస్తారు. 'సూదితో వేలు బాగైంది' అని మీరు విన్న కథల్లో చాలావరకు ఈ ట్రిగ్గర్ వేలివే. దీనిలో కట్టు ఒకసారి తెగితే మళ్లీ ఇరుక్కోవడం అరుదు. డుప్యూట్రెన్ సంగతి అలా కాదు. అందుకే ఒకరి ఫలితం చూసి మరొకరు ఆశపడరాదు.

రెండవది కుష్ఠువ్యాధి వలన వంగే వేళ్లు. ఈ మాట వినగానే సభలో ముఖాలు దించుకుంటారని తెలుసు. దించుకోవలసిన పని లేదు. మోచేతి దగ్గర సాగే అల్నార్ నాడి దెబ్బతిన్నప్పుడు వంగేవి కూడా ఈ ఉంగరపు వేలూ చిటికెన వేలే. తేడా ఎక్కడంటే, అక్కడ అరచేతిలో తాడు ఉండదు. రెండవ చేత్తో సాయం చేస్తే తొలిదశలో వేళ్లు సులభంగా చాచుకుంటాయి. చిటికెన వేలు వైపు స్పర్శ మందగిస్తుంది. వేడి గిన్నె పట్టుకున్నా చురుక్కుమనదు. డుప్యూట్రెన్ వ్యాధిలో స్పర్శ చెడదు, తాడు చేతికి తగులుతుంది, ఎవరు లాగినా వేలు చాచుకోదు. స్పర్శ తగ్గి వేళ్లు వంగుతున్నవారు సూది వైద్యం కోసం వెతకరాదు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో కుష్ఠువ్యాధికి బహుళ ఔషధ చికిత్స ఉచితంగా ఇస్తారు. త్వరగా మొదలుపెడితే నాడి దక్కుతుంది. అప్పటికే వంగిపోయిన వేళ్లను కూడా స్నాయువును ఒక చోటి నుండి మరొక చోటికి మార్చి సరిచేసే శస్త్రచికిత్స ఉంది. దానిలో మార్గదర్శకమైన పని 1940ల చివరిలో పాల్ బ్రాండ్ అనే వైద్యుడు చేసినది మనకు దక్షిణంగా ఉన్న వేలూరులోనే.

ఇక డుప్యూట్రెన్ వ్యాధి వైద్యానికి వద్దాం.

సూదిమొనతో తాడును తెంచే ఆలోచన కొత్తది కాదు. క్లైన్ శిష్యుడు ఆస్లీ కూపర్ 1822లోనే, సన్నని కత్తిమొనను చిన్న రంధ్రం గుండా చర్మం కిందికి పంపి తాడును కోయవచ్చునని రాశాడు. దాని తరువాత 1831లో పారిస్‌లోని ఓతెల్ ద్యూ ఆసుపత్రిలో గియోమ్ డుప్యూట్రెన్ ఒక ద్రాక్షసారాయి వర్తకుని చేతిని బహిరంగంగా కోసి తాడును ఖండించాడు. మత్తుమందు ఇంకా పుట్టని కాలమది. ఆ రోగి ఓర్పును తలచుకుంటే నమస్కరించాలనిపిస్తుంది. డుప్యూట్రెన్ గొప్ప బోధకుడు. ఆయన ఉపన్యాసం అచ్చై దేశదేశాలకు పాకడంతో పేరు ఆయనకు దక్కింది. క్లైన్, కూపర్ పక్కకు జరిగారు.

1970లలో పారిస్‌లోనే లెర్మూసియో మొదలైనవారు కూపర్ దారిని మళ్లీ పట్టారు. వీరు శస్త్రవైద్యులు కారు, కీళ్లవాత వైద్యులు. కత్తికి బదులు ఇంజెక్షన్ సూదినే సాధనంగా తీసుకున్నారు. సూది మొన ఏటవాలుగా ఉంటుంది. ఆ ఏటవాలు అంచే చిన్న కత్తి.

పని జరిగే తీరు ఇది. రోగి మెలకువతో ఉంటాడు. వైద్యుడు వేలిని కొంచెం చాచి పట్టుకొని, తాడు ఎక్కడ బిగుతుగా ఉందో, ఎక్కడ చర్మం మెత్తగా ఉందో చూసి గుర్తులు పెడతాడు. ఆ గుర్తుల దగ్గర చర్మానికి మాత్రమే కొద్ది చుక్కల మత్తుమందు ఎక్కిస్తాడు. ఎక్కువ మత్తు ఎందుకు ఇవ్వరని కొందరు కోపగించుకుంటారు. కావాలనే ఇవ్వరు. వేలికి ఇరువైపులా స్పర్శనాడులు సాగుతాయి. వ్యాధి వలన తాడు కొన్నిసార్లు నాడిని చుట్టుకొని తన చోటు నుండి వేలి నడుమకు, చర్మానికి దగ్గరగా లాగేస్తుంది. నాడి మత్తులో ఉంటే సూది దానిని తాకినా రోగికి తెలియదు. మెలకువగా ఉన్న నాడి వేలి కొసకు జివ్వుమనే సంకేతం పంపుతుంది. రోగి 'జివ్వుమంటోంది' అనగానే వైద్యుడు సూదిని వెనక్కి తీస్తాడు. ఇక్కడ రోగి మాటే వైద్యునికి రెండవ కన్ను. సిగ్గుపడి, ఓర్చుకుందామని ఊరుకుంటే నష్టం రోగికే.

స్నాయువుకు గుచ్చుకోకుండా చూడడానికి ఇంకొక ఉపాయం ఉంది. సూది లోపల ఉండగా వేలి కొసను మెల్లగా ఆడించమంటారు. సూది కూడా వేలితో పాటు ఊగితే అది స్నాయువులో దిగిందని అర్థం. ఊగకపోతే తాడులోనే ఉందని అర్థం. అప్పుడు సూది అంచుతో తాడును అటూ ఇటూ రుద్దుతూ, కొన్ని నారలను తెంచి, వేలిని చాపుతారు. మిగిలిన నారలు పటుక్కుమని తెగుతాయి. ఆ చప్పుడు రోగికి కూడా వినబడుతుంది. ఇలా రెండు మూడు చోట్ల, అవసరమైతే అంతకంటే ఎక్కువ చోట్ల చేస్తారు. కుట్లు ఉండవు. చిన్న కట్టుతో ఆ రోజే ఇంటికి పోవచ్చు.

దీని మేలు ఎవరికి ఎక్కువో చెప్పడం కష్టం కాదు. కార్ఖానాలో దినకూలీ మీద ఆధారపడ్డవానికి, వారానికి లెక్కగట్టి బీడీలు అప్పగించవలసిన తల్లికి, గుండెజబ్బుతో పూర్తి మత్తు తట్టుకోలేని వృద్ధునికి. తేలికపాటి పనులు మరుసటి రోజు నుండే చేసుకోవచ్చు. బరువులెత్తే పనికి వారం, రెండు వారాలు ఆగితే చాలు. కోసి చేసే శస్త్రచికిత్సలో అరచేతి నుండి వేలి దాకా వంకరటింకరగా చర్మాన్ని తెరచి, నాడులను ఒక్కొక్కటిగా విడదీసి, తాడును తొలగిస్తారు. గాయం మానడానికి, చేయి పనికి అలవాటు పడడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. ఆ నెలల కూలి ఎవరిస్తారన్నది వైద్యగ్రంథంలో ఉండదు గానీ, రోగి ముందున్న మొదటి ప్రశ్న అదే.

ఇంతవరకు విన్నవారు సూదినే ఎంచుకోవాలనుకుంటారు. తొందరపడవద్దు. ఇందాకటి తువ్వాలును గుర్తు చేసుకోండి. గుంజుకుపోయిన పోగును రెండు మూడు చోట్ల తెంచితే ముడత విచ్చుకుంటుంది. అయితే ఆ పోగు గుడ్డలోనే ఉన్నది. సూది తాడును తెంచుతుంది, తీసివేయదు. కోత శస్త్రచికిత్స తీసివేస్తుంది. తెగిన ముక్కలు మళ్లీ కలిసి కురుచబడే అవకాశం మొదటిదానిలో చాలా ఎక్కువ. నెదర్లాండ్స్ వైద్యులు ఈ రెండు పద్ధతులనూ పోల్చి, ఐదేళ్లు రోగులను పరిశీలించి, 2012లో ఫలితాలు ప్రకటించారు. సూది వైద్యం పొందినవారిలో నూటికి సుమారు 85 మందికి వేలు తిరిగి వంగింది. శస్త్రచికిత్స పొందినవారిలో నూటికి సుమారు 21 మందికి వంగింది. ఈ అంకెను దాచి 'శాశ్వత పరిష్కారం' అని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

అదే పరిశోధనలో నాకు మరింత ఆలోచన కలిగించిన విషయం ఒకటుంది. మళ్లీ వంగితే ఏ వైద్యం కోరుకుంటారని అడిగితే, సగానికి పైగా రోగులు సూదినే కోరుకున్నారు. ఎందుకో ఊహించవచ్చు. కొన్నేళ్లు చేయి తిన్నగా పనిచేసింది, పని పోలేదు, మళ్లీ అవసరమైతే మళ్లీ చేయించుకోవచ్చు. అంకెలు చెప్పేది వేలి వంపును గురించి. ఆ వేలితో బతికే మనిషి తన లెక్క తాను వేసుకుంటాడు. వైద్యుడు చేయవలసింది రెండు లెక్కలనూ అతని ముందు పెట్టడం.

ఫిన్లండ్‌లో సూదిని, శస్త్రచికిత్సను, తాడును కరిగించే ఎంజైమ్ ఇంజెక్షన్‌ను కలిపి పోల్చి 2024లో ప్రచురించారు. మూడు నెలల నాటికి మూడింటి ఫలితం ఇంచుమించు సమానం. రెండేళ్లకు శస్త్రచికిత్స ముందు నిలిచింది. సూది వైద్యం జరిగిన చేతులలో సుమారు సగమే సరిగా మిగిలాయి. ఎంజైమ్ ఇంజెక్షన్‌కు అమెరికా 2010లో అనుమతి ఇచ్చింది. ఐరోపాలో దాని అమ్మకాన్ని తయారీదారులు 2020 ప్రాంతంలో నిలిపివేశారు. దాని కోసం మనం ప్రయాసపడవలసింది ఏమీ లేదు.

సూది అందరి వేళ్లకూ ఒకేలా పనిచేయదు. వేలు అరచేతితో కలిసే మొదటి కణుపు దగ్గర వంగితే ఫలితం చాలా బాగుంటుంది. వేలి నడిమి కణుపు వంగితే అంత బాగుండదు, ఆ కీలు కొంతకాలానికి తానే బిగిసిపోతుంది. అందువలన ఒక లెక్క గుర్తుంచుకోండి. మొదటి కణుపు ముప్పై డిగ్రీలకు మించి వంగినా, నడిమి కణుపు ఏ కొంచెం వంగినా వైద్యుని చూడండి. నడిమి కణుపు విషయంలో ఆలస్యం పనికిరాదు. మొదటి కణుపు విషయంలో తొందర పనికిరాదు. ఇంతకుముందు కోత జరిగిన చేతిలోనూ, చర్మం పూర్తిగా తాడుకు అంటుకుపోయిన చోటా సూది ప్రమాదం పెంచుతుంది. అక్కడ శస్త్రచికిత్సే మేలు.

నష్టాలు కూడా చెప్పాలి. వేలిని చాపినప్పుడు చర్మం చిట్లవచ్చు. ఇది తరచుగా జరిగేదే, కట్టుతో మానిపోతుంది. నాడికి గాయమైతే వేలి కొసన స్పర్శ తగ్గవచ్చు. స్నాయువు తెగడం అరుదు, కానీ తెగితే అది పెద్ద నష్టం. చీము పట్టే అవకాశం తక్కువే అయినా చక్కెర అదుపులో లేనివారికి ఎక్కువ. రక్తం పలచబరిచే మందులు వాడేవారు ఆ మాట ముందే చెప్పాలి, తామంతట తాము మానివేయరాదు. అన్నిటికంటే ముఖ్యం, ఈ పని చేతి శస్త్రచికిత్సలో శిక్షణ పొందినవారు చేయవలసినది. సాధనం చిన్నది కావడం వలన పని చిన్నదని అనిపిస్తుంది. నాడి ఎక్కడ దాగి ఉందో తెలిసినవారి చేతిలోనే అది చిన్న పని. ఊరూరా తిరిగి కట్లు కట్టేవారు, 'నరం తీసి' సరిచేస్తామనేవారు దీనికి పనికిరారు.

వైద్యం తరువాత సంగతి క్లుప్తంగా చెబుతాను. మొదటి రోజు చేతిని గుండె కంటే ఎత్తుగా ఉంచాలి. వేళ్లను ఆ సాయంత్రం నుండే ముడవడం, చాపడం మొదలుపెట్టాలి. వాపు భయంతో కదిలించకుండా ఉంచుకోవడమే చేతికి ఎక్కువ చెరుపు. కొందరికి రాత్రిపూట వేలిని చాచి ఉంచే బద్ద ఇస్తారు. పొగతాగడం, మద్యం ఈ వ్యాధితో సంబంధమున్నవే. మానమని చెప్పడం నా బాధ్యత.

ప్రసంగానికి ముందు కొందరు అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పి ముగిస్తాను. మరమగ్గం అదురు వలన ఈ వ్యాధి వస్తుందా అని ఒక సోదరుడు అడిగారు. చేతిలో పట్టుకొని నడిపే, బాగా అదిరే యంత్రాలతో ఏళ్ల తరబడి పనిచేసినవారిలో ఇది ఎక్కువని గుర్తించి బ్రిటన్ 2019లో దీనిని వృత్తివ్యాధుల పట్టికలో చేర్చింది. రాతిని తొలిచే యంత్రం వంటివి వారి ఉద్దేశం. మరమగ్గం పక్కన నిలబడి పోగు అతకడం ఆ కోవలోకి రాదు. తండ్రికి ఉంటే కొడుకుకు తప్పదా అని ఒక తల్లి అడిగారు. అవకాశం ఎక్కువ, తప్పనిసరి కాదు. ముందుగా ఆపే మందు ఇప్పటికి లేదు కనుక కుర్రవాణ్ణి బెదరగొట్టవద్దు. ఒక చేతికి వచ్చింది, రెండవ చేతికీ వస్తుందా అన్నారు ఒక పెద్దాయన. చాలామందికి కాలక్రమంలో రెండు చేతులకూ వస్తుంది, ఒకేసారి రాదు. ఆయనకు చెప్పిందే అందరికీ చెబుతున్నాను. ఆరు నెలలకొకసారి బల్ల పరీక్ష చేసుకోండి. చేతిని బల్ల మీద పెట్టి, వేలి వంపు కనబడేలా పక్క నుండి ఇంట్లో ఎవరిచేతనైనా ఫోనులో ఫొటో తీయించి, తేదీతో ఉంచుకోండి. వైద్యుని దగ్గరకు వచ్చేటప్పుడు మీ చక్కెర పరీక్ష కాగితంతో పాటు ఆ ఫొటోలు కూడా తీసుకురండి. వేలు ఎంత వంగింది అన్నదానికంటే ఎంత వేగంగా వంగుతోంది అన్నదాని మీదనే చాలాసార్లు మా నిర్ణయం ఆధారపడుతుంది.